నచ్చని భవనాలకే చట్టం కావాలి

ఫ్రాంక్‌ఫర్ట్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ళు మొదటి వారాంతంలోనే ఫొటోలు దిగే చోటు రోమర్‌బెర్గ్. ఆ కూడలికి తూర్పు వైపున, కర్ర దూలాలు బయటికి కనిపించే ఏటవాలు కప్పుల ఇళ్ళు వరసగా ఉంటాయి. సాయంత్రానికల్లా వాట్సాప్ స్టేటస్‌లో ఆ ఇళ్ళ ముందు నవ్వుతున్న కుటుంబం, కింద "మధ్యయుగపు యూరప్" అని ఒక మాట. ఆ వరస 1981-84 మధ్య కట్టింది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దది, అంతే.

ఎవర్నీ వెక్కిరించడానికి చెప్పడం లేదు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు నేనూ ముందు అక్కడికే తీసుకెళ్ళాను. నాన్న దూలాలను తట్టి చూసి "టేకేనా?" అని అడిగాడు (ఓక్), అమ్మ కిటికీల్లో పూలకుండీలు లెక్కపెట్టింది. బాగుంటాయి, ఎందుకు బాగుండవు? కానీ అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే జాల్ట్స్‌హౌస్ అనే భవనం ఉంది. 1600 ప్రాంతంలో కట్టిన అసలు జాల్ట్స్‌హౌస్ ముందుభాగమంతా చెక్కడాలతో నిండి ఉండేది. 1944లో కాలిపోయింది. 1950ల మొదట్లో ఆ చోట సాదా గోడలతో ఒక భవనం లేపి, యుద్ధ కాలంలో ముందుగానే విప్పి దాచిన చెక్క పలకల్లో కొన్నింటిని ఆ గోడలోనే పొదిగారు. పక్క గోడ మీద బూడిదలోంచి లేస్తున్న ఫీనిక్స్ పక్షిని మొజాయిక్‌తో వేశారు. దాని ముందు ఎవరూ ఫొటో దిగరు. ప్రభుత్వ రక్షిత కట్టడాల జాబితాలో ఉన్నది మాత్రం అదే.

ఈ జాబితా గురించి ఆఫీసులో భోజనాల దగ్గర తరచూ మాటలొస్తాయి. "ఆ డబ్బాలని కాపాడేదేంటి, కూల్చి చక్కటి పాత ఇళ్ళు కట్టొచ్చుగా" అంటారు సహోద్యోగులు, జర్మన్లు కూడా. నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. అందరికీ నచ్చే భవనానికి చట్టం పెద్దగా అవసరం లేదు, దాని మీద చెయ్యి వేస్తే ఊరే అడ్డుపడుతుంది. చట్టం అవసరమయ్యేది ఎవరికీ నచ్చని కాలంలో చిక్కుకున్న భవనానికి. ఆ కాలం మామూలుగా కట్టిన నలభై, యాభై, అరవై ఏళ్ళకి వస్తుంది. తాతల నాటిదని గౌరవించడానికి వయసు చాలదు, కొత్తదని మురిసిపోవడానికి ఎక్కువైపోతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నగరం గత నూట ఇరవై ఏళ్ళలో బాంబుల వల్ల పోగొట్టుకున్నది ఎంతో ఉంది. తన చేతులతో పోగొట్టుకున్నది మాత్రం ప్రతిసారీ ఈ వయసు భవనాలనే, లేదా అప్పటి అభిరుచికి రోతగా తోచినవాటినే.

మొదట బాంబుల సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. యుద్ధానికి ముందు ఇక్కడి పాత పట్నంలో వెయ్యికి పైగా కలప చట్రాల ఇళ్ళుండేవి. జర్మనీలో అలాంటి పెద్ద పాత పట్నాల్లో అదొకటి. 1944 మార్చి 18న, మళ్ళీ 22న పడ్డ బాంబులతో అదంతా కాలిపోయింది. నేలమాళిగల్లో దాక్కున్నవాళ్ళు తప్పించుకోవడానికి గోడలకు కన్నాలు కొట్టి, ఇంటి నుంచి ఇంటికి దారులు ముందే వేసి ఉంచారు. వాటి ద్వారా కొందరు రోమర్‌బెర్గ్‌లోకి ఎక్కి, అక్కణ్ణుంచి మైన్ నది వైపు పరిగెత్తారు. వాళ్ళు పోయే దారి మంటల్లో మూసుకుపోకుండా అగ్నిమాపక సిబ్బంది నీళ్ళు తెరలా చల్లుతూ ఉంటే, ఆ దారి పక్కనున్న హౌస్ వెర్ట్‌హైమ్ అనే ఇల్లు బతికిపోయింది. 1600 ప్రాంతపు ఇల్లు. ఇప్పటికీ అక్కడే ఉంది, కింద హోటల్ నడుస్తోంది. కూడలిలో అందరూ ఫొటో తీసుకునే వరసకి కూతవేటు దూరంలో నిజంగా నాలుగు వందల ఏళ్ళ ఇల్లుంది. ఎక్కువమంది దాని ముందు నుంచి నది వైపు నడిచిపోతారు.

ఇక్కడ ఒక చిక్కుంది. కాలిపోయిన పాత పట్నాన్ని ఇప్పుడు అందరూ తలుచుకుని బాధపడతారు కానీ, అది నిలబడి ఉన్న రోజుల్లో నగరానికి దాని మీద అంత ప్రేమ లేదు. ఇరుకు, చెమ్మ, పేదవాళ్ళు కిక్కిరిసి ఉండే గదులు. 1904-06లో దాని మధ్యలోంచి బ్రౌబాఖ్ వీధి వెయ్యడానికి దాదాపు వంద ఇళ్ళు పడగొట్టారు, ట్రామ్ నడపడానికి, గాలీ వెలుతురూ రావడానికి. ఆ రోజుకి అది అభివృద్ధి పనే. ఇప్పుడు ఆ బ్రౌబాఖ్ వీధి మీద అప్పట్లో కట్టిన కొత్త భవనాల్లో కొన్ని రక్షిత కట్టడాలు. పాతదాన్ని చంపి పుట్టిన వీధి తనే పాతదైంది. నాకు ఈ నగరంలో అన్నిటికంటే ఇష్టమైన వీధి అదే, అక్కడ ఎవరి తప్పు ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం కనుక.

యుద్ధం తర్వాత రెండు భవనాల విషయంలో నగరం రెండు దారులు పట్టింది. ఒకటి గోథే పుట్టిన ఇల్లు. అది కూలింది 1944 మార్చి 22న, ఆయన చనిపోయిన తేదీనే. ఇంట్లోని సామాను, పుస్తకాలు ముందే వేరే చోటికి తరలించి దాచారు. ఇల్లు మాత్రం నేలమట్టం. దాన్ని ఉన్నదున్నట్టు మళ్ళీ కట్టాలా అన్న మీద పెద్ద గొడవే జరిగింది. వాల్టర్ డిర్క్స్ అనే కాథలిక్ రచయిత 1947లో కట్టొద్దని రాశాడు. ఆ ఇల్లు ఏదో ప్రమాదంలో పోలేదనీ, జర్మనీ చేసిన పనులకీ దాని కూలిపోవడానికీ సంబంధం ఉందనీ, ఆ నష్టాన్ని ఒప్పుకుని వదిలేయాలనీ ఆయన వాదన. నగరం వినలేదు. ఇల్లు కట్టారు, 1951లో తెరిచారు. నేను డిర్క్స్ పక్షమే, అయినా ఆ ఇంటి మెట్లెక్కుతుంటే పట్టించుకోబుద్ధి కాదు. మెట్లు కిర్రుమనవు, అంతే తేడా.

రెండోది పౌల్స్‌కిర్షె. 1848లో జర్మన్లు మొదటిసారి ఎన్నుకున్న జాతీయ సభ కూర్చున్న చర్చి. అదీ కాలింది. 1848కి వందేళ్ళయ్యేనాటికి, అంటే 1948 మే నాటికి, దాన్ని తెరవాలని పట్టుబట్టి కట్టారు. అప్పటికి ఊళ్ళో జనానికి ఉండటానికి ఇళ్ళు లేవు. రుడోల్ఫ్ ష్వార్ట్స్ అనే ఆర్కిటెక్టూ ఆయన తోటివాళ్ళూ పాత ఎత్తైన కప్పునీ, లోపలి బాల్కనీలనీ మళ్ళీ పెట్టలేదు. కింద చీకటిగా, తక్కువ ఎత్తులో ఒక ప్రాంగణం. అందులోంచి మెట్లెక్కితే పైన తెల్లటి ఖాళీ హాలు, చుట్టూ వెలుతురు. చీకట్లోంచి పైకి రావాలన్నదే ఉద్దేశం. తెలిసినవాళ్ళు చెప్తే తప్ప అర్థం కాదు కానీ ఎక్కేటప్పుడు ఒంటికి తెలుస్తుంది. ఆ హాల్లోనే జర్మన్ పుస్తక వర్తకులు ఏటా శాంతి బహుమతి ఇస్తారు. 1961లో దాన్ని అందుకున్నది మన సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా చేసిన మనిషి ఆ బోసి హాల్లో నిలబడేనాటికి దాని వయసు పదమూడేళ్ళు.

ఈ హాలు అనాకారిగా ఉందని, 1848 నాటి రూపానికి మార్చాలని ఈమధ్య కాలంలో కూడా పత్రికల్లో రాశారు. ప్రజాస్వామ్యం పుట్టిన చోటు సభ్యులు కూర్చున్నప్పుడు ఎలా ఉందో అలా ఉండాలట. నగరం 1948 రూపాన్నే ఉంచి మరమ్మతు చెయ్యాలని నిర్ణయించింది, సంతోషం. 1848 గురించి చెప్పడానికి బొమ్మలున్నాయి, పుస్తకాలున్నాయి. ఇళ్ళు లేని జనం, తిండి సరిగా లేని జనం, ముందు పార్లమెంటు హాలు కట్టుకుందామని అనుకున్న 1948 గురించి ఆ హాలు కంటే బాగా చెప్పేది ఇంకేదీ లేదు. దాన్ని తీసేసి పాతదానికి నకలు పెడితే రెండూ పోతాయి.

ఇక అసలు సిసలు పశ్చాత్తాపం కథ ఆల్టె ఓపర్‌ది. 1880 నాటి ఒపేరా భవనం. యుద్ధంలో లోపలంతా కాలి, గోడలు మిగిలాయి. దశాబ్దాల పాటు నగరం నడిబొడ్డున శిథిలంగా నిలబడింది. పందొమ్మిదో శతాబ్దపు అలంకారాలంటే 1960ల్లో చదువుకున్నవాళ్ళకి రోత. ఆ శిథిలాన్ని డైనమైట్‌తో పేల్చేద్దామన్న రూడీ ఆర్న్ట్ అనే నాయకుడికి "డైనమైట్ రూడీ" అన్న పేరు జీవితాంతం అంటుకుపోయింది. తర్వాత ఆయన ఇదే నగరానికి మేయరయ్యాడు. పౌరులు చందాలు పోగుచేశారు, సంతకాలు పెట్టారు, చివరికి భవనం నిలబడింది. 1981 ఆగస్టు 28న, గోథే పుట్టినరోజున, కచేరీ హాలుగా మళ్ళీ తెరిచారు. ఇప్పుడు నగరం గురించి ఏ బ్రోషర్ తిప్పినా ఆ భవనమే. అలాగే వెస్ట్‌ఎండ్ పేటలోని పెద్ద పెద్ద పాత ఇళ్ళు. 1960ల్లో, 70ల్లో అక్కడ ఆఫీసు టవర్లు కట్టాలని ఇళ్ళు కొనేసి, ఖాళీ చేయించి, పాడుబెట్టి కూల్చేవారు. పేటవాసులు 1969లో సంఘం పెట్టుకున్నారు. 1970లో విద్యార్థులూ వలసకార్మికులూ ఖాళీ ఇళ్ళల్లోకి దూరి కూర్చున్నారు. పోలీసులతో వీధి యుద్ధాలు జరిగాయి. హెస్సె రాష్ట్రానికి కట్టడాల రక్షణ చట్టం 1974లో వచ్చిందంటే ఆ గొడవల వేడి దాని మీద కచ్చితంగా ఉంది. అప్పట్లో కూల్చడానికి సిద్ధమైన ఆ ఇళ్ళే ఇప్పుడు నగరంలో అన్నిటికంటే ఖరీదైన అడ్రసులు. ఆ గొడవలు చేసినవాళ్ళు వాటిలో అద్దెకైనా ఉండగలరా అన్నది వేరే బాధ.

జర్మనీలో కట్టడాల రక్షణ కేంద్రం చేతిలో లేదు, పదహారు రాష్ట్రాలకి పదహారు చట్టాలు. హెస్సెలో ఇప్పుడు నడుస్తున్నది 2016 చట్టం. అందులో నాకు బాగా నచ్చే సంగతులు రెండు. వయసు పరిమితి లేదు, ఇన్నేళ్ళు నిండితేనే అని ఎక్కడా ఉండదు. కళ, విజ్ఞానం, సాంకేతికత, చరిత్ర, నగర నిర్మాణం, వీటిలో ఏ ఒక్క కారణంతోనైనా దాన్ని ఉంచడం ప్రజలకు అవసరమైతే చాలు. చూడ్డానికి బాగుండాలన్న షరతు లేదు. రెండోది, జాబితాలో పేరెక్కితేనే రక్షణ అని కూడా కాదు. ఆ లక్షణాలుంటే అది చట్టరీత్యా రక్షిత కట్టడమే, జాబితా ఆ సంగతి తెలియజేస్తుంది. యజమాని కిటికీ మార్చాలన్నా, రంగు వెయ్యాలన్నా, కూల్చాలన్నా అనుమతి తీసుకోవాలి. బదులుగా పన్నులో వెసులుబాటు ఉంటుంది. అద్దెకిచ్చే ఇల్లైతే మరమ్మతు ఖర్చుని మొదటి ఎనిమిదేళ్ళు ఏటా 9 శాతం, తర్వాతి నాలుగేళ్ళు ఏటా 7 శాతం చొప్పున ఆదాయంలోంచి తీసెయ్యొచ్చు. లెక్క వేస్తే మొత్తం వందా వచ్చేస్తుంది. ఈ ఒక్క లెక్క కోసమే పాత ఇళ్ళు వెతికి కొనే డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు ఇక్కడ చాలామంది.

చట్టం ఉన్నంత మాత్రాన కూలకుండా ఉంటాయా? ఉండవు. ఆల్టె ఓపర్‌కి ఎదురుగా 1960ల మొదట్లో కట్టిన త్సూరిఖ్-హౌస్ అనే టవర్ ఉండేది, నగరంలోని తొలి ఎత్తైన ఆఫీసు భవనాల్లో ఒకటి. రక్షిత కట్టడమే. 2002 నాటికి దాన్ని కూల్చేశారు, ఇప్పుడు ఆ చోట ఓపర్న్‌టూర్మ్ అనే ఇంకా ఎత్తైన టవర్ ఉంది. కూల్చినందుకు బదులుగా పక్కనున్న పార్కుకి కొంత స్థలం కలిసొచ్చిందని సర్దిచెప్పుకున్నారు. దానికోసం ఎవరూ చందాలు పోగుచెయ్యలేదు. అప్పటికి దాని వయసు నలభై. ముందే చెప్పానే, ఆ ప్రమాదకరమైన వయసు.

అంతకంటే బాధాకరమైనది బోర్నెప్లాట్స్ అనే కూడలి కథ. 1462 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ యూదులని బలవంతంగా ఉంచిన యూడెన్‌గాసె అనే సందు పాత పట్నం తూర్పు అంచున ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో దాని ఇళ్ళు కూల్చేశారు. 1938 నవంబర్‌లో పక్కనున్న యూదుల ప్రార్థనాలయాన్ని నాజీలు తగలబెట్టారు. ఆ తర్వాత చాలాకాలం అక్కడేముండేదో ఊరికి గుర్తు చేసేది పెద్దగా ఏమీ లేదు. 1987లో నగర విద్యుత్తు, గ్యాస్ సరఫరా సంస్థకి ఆఫీసు కట్టాలని తవ్వితే ఆ సందు ఇళ్ళ పునాదులు బయటపడ్డాయి, నేలమాళిగలతో, స్నాన కుండాలతో సహా. రక్షణ చట్టానికి అప్పటికి పదమూడేళ్ళు. అయినా పని ఆపలేదు. జనం తవ్వకం చోటులోకి దిగి కూర్చున్నారు, పోలీసులు ఖాళీ చేయించారు. చివరికి ఐదు ఇళ్ళ పునాదులని విప్పి, ఆఫీసు కట్టాక దాని నేలమాళిగలో మళ్ళీ పేర్చారు. 1992లో అది మ్యూజియంగా తెరుచుకుంది. వెళ్ళి చూడండి, మంచి మ్యూజియం. కానీ ఆ రాళ్ళు పేర్చినవన్న సంగతి గుర్తుంచుకుని చూడండి. చట్టం ఉండి, ఆధారాలు కళ్ళెదుట ఉండి కూడా అలా జరిగింది. రాళ్ళు అందంగా లేవు మరి. ఫొటోకి పనికిరావు.

దీని పక్కన పెట్టి చూస్తేనే "కొత్త పాత పట్నం" మీద నా ఫిర్యాదు అర్థమవుతుంది. రోమర్ అనే టౌన్‌హాలుకీ పెద్ద చర్చికీ మధ్య స్థలంలో 1974లో టెక్నిషెస్ రాట్‌హౌస్ అనే భారీ కాంక్రీటు భవనం వచ్చింది, నగరపాలక సంస్థ ఇంజినీరింగ్ విభాగాల కోసం. జనానికి అది మొదటి రోజు నుంచీ నచ్చలేదు. నలభై ఏళ్ళయినా నిండకుండానే, 2010లో కూల్చడం మొదలుపెట్టారు. ఆ చోట 2012 నుంచి 2018 దాకా ముప్ఫై ఐదు ఇళ్ళు కట్టారు. పదిహేను 1944కి ముందున్న ఇళ్ళకి నకళ్ళు, ఇరవై పాత పద్ధతికి ఒదిగేలా గీసిన కొత్త ఇళ్ళు. ఖర్చు దాదాపు 20 కోట్ల యూరోలు, ఇళ్ళు అమ్మితే కొంత వెనక్కొచ్చింది. కింద మెట్రో స్టేషనూ, కార్ల పార్కింగూ. ఆ సన్నటి సందుల్లో నడుస్తున్నప్పుడు మీరు నిజానికి ఒక గరాజ్ కప్పు మీద నడుస్తున్నారు.

పనితనాన్ని తక్కువ చెయ్యను. గోల్డెనె వాగె అనే ఇల్లు చూడండి. అసలుది 1618-19లో నెదర్లాండ్స్ వైపు నుంచి మతం కారణంగా పారిపోయి వచ్చిన అబ్రహాం ఫాన్ హామెల్ అనే మిఠాయి, సుగంధద్రవ్యాల వ్యాపారి కట్టించుకున్నది. శరణార్థిగా వచ్చి, చక్కెర అమ్మి, ఊళ్ళోకెల్లా అందమైన ఇల్లు కట్టాడు. నకలులో వడ్రంగులు, రాతి పనివాళ్ళు చూపించిన నేర్పు నిజంగా గొప్పది. పాత పద్ధతిలో దూలాలు కలపడం తెలిసినవాళ్ళకి ఏళ్ళ తరబడి పని దొరికింది. ఆ విద్య బతికింది. ఈ ఒక్క విషయంలో ఆ ప్రాజెక్టుని వెనకేసుకొస్తాను. అలాగే 2018లో ష్టెఫాన్ ట్రూబీ అనే ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్ ఈ ఆలోచన అతివాద జాతీయవాదుల నుంచి మొదలైందని రాసినప్పుడు పెద్ద దుమారం రేగింది. ఆలోచన ఎవరి నోటి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి ఇంటిని కొలవడం నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. అక్కడ కాఫీ తాగే ముసలమ్మలు ఏ వాదులూ కాదు.

నా పేచీ వేరే చోట. ఆ ఇళ్ళ మధ్య నిలబడితే 1944 జరగనే లేదనిపిస్తుంది. బాంబులు లేవు, బాంబులు పడటానికి కారణమైన నాజీల పన్నెండేళ్ళు లేవు, తర్వాత డబ్బు లేక, సిగ్గుతో, తొందరతో కట్టుకున్న సాదా ఇళ్ళు లేవు. జాల్ట్స్‌హౌస్ తన గాయాన్ని గోడ మీదే మోస్తోంది, కాలిందీ, మిగిలిందీ, మళ్ళీ లేచిందీ ఒకేసారి కనిపిస్తాయి. కొత్త పాత పట్నంలో అతుకు కనబడకుండా రఫూ చేశారు. రఫూ చేసిన బట్టని కొత్త బట్ట అని అమ్మితే మాత్రం ఎవరైనా అడుగుతారు.

అసలు ఇక్కడ "అసలు" అన్నదే అంత తేలిక కాదని నాకూ తెలుసు. హౌప్ట్‌వాఖె అనే 1730 నాటి కావలి భవనాన్ని 1960ల్లో మెట్రో తవ్వకాల కోసం రాయి రాయి విప్పి, తర్వాత కాస్త జరిపి మళ్ళీ కట్టారు. 1405లో నగరం కొనుక్కుని టౌన్‌హాలుగా మార్చుకున్న రోమర్ ఇల్లు నిజంగా పాతదే, కానీ మనకి కనబడే మూడు మెట్ల త్రికోణాల ముఖం ఇప్పటి రూపానికి వచ్చింది 1900కి కొంచెం ముందు. మరి నకలుకీ దీనికీ తేడా ఏమిటని మా ఆఫీసులో ఒకాయన గట్టిగా పట్టుకున్నాడు. ఈ మార్పులన్నీ ఆ భవనానికి జరిగినవి, దాని జీవితంలో భాగం. మెట్రో కోసం జరిపిన హౌప్ట్‌వాఖె 1968లో ఈ నగరం దేన్ని ముఖ్యమనుకుందో చెప్తుంది. నకలు ఇల్లు కూడా చెప్తుంది, 2018లో ఈ నగరం దేన్ని మరిచిపోవాలనుకుందో. ఇంకో అరవై ఏళ్ళకి అది కూడా రక్షిత కట్టడమవుతుందేమో, అప్పుడు ఆ కారణంతోనే అవ్వాలి. దానికి నాకు అభ్యంతరం లేదు.

రక్షణ వల్ల నష్టపోయేవాళ్ళ సంగతి చెప్పకపోతే ఇదంతా పైపై కబుర్లవుతుంది. నేను అద్దెకున్న ఇల్లు 1900 ప్రాంతపు రక్షిత కట్టడం. ఎత్తైన సీలింగు, పైన సున్నపు పూల అలంకారం, చూడగానే మా ఆవిడ సరేనంది. చలికాలం వచ్చాక తెలిసింది, వీధి వైపు కిటికీలు ఒంటి అద్దానివి. హీటర్ ఎంత పెట్టినా కిటికీ దగ్గర కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి. ఇలాంటి ఇళ్ళని అద్దెకిచ్చేటప్పుడు ఎనర్జీ సర్టిఫికెట్ చూపించనక్కర్లేదు, చట్టంలోనే మినహాయింపు ఉంది. అందువల్ల ఎంత ఖర్చవుతుందో బిల్లు వచ్చేదాకా తెలియదు. యజమానిని అడిగితే ఒకటే జవాబు, "డెంక్‌మాల్ (రక్షిత కట్టడం) కదా, మేమేం చెయ్యలేం." చెయ్యొచ్చు. లోపలి వైపు రెండో కిటికీ చట్రం బిగించొచ్చు, పాత చట్రంలోనే పల్చటి కొత్త అద్దాలు పెట్టించొచ్చు. అలాంటివాటికి రక్షణ శాఖలు మామూలుగా ఒప్పుకుంటాయి, పన్ను మినహాయింపూ వస్తుంది. సోలార్ పలకల విషయంలో కూడా హెస్సె 2022 చివర్లో చట్టం సవరించి, మామూలుగా అనుమతి ఇవ్వాలనే వైపు మొగ్గింది. చట్టం ఒప్పుకునే పనిని చట్టం పేరు చెప్పి ఎగ్గొట్టడం మా యజమాని ఒక్కడికే తెలిసిన విద్య కాదు. కట్టడాల రక్షణ మీద మామూలు జనానికి కోపం రావడానికి సగం కారణం ఈ సాకులే అని నా అనుమానం. రక్షిత కట్టడంలో అద్దెకుండేవాళ్ళకి యజమాని ఏ మరమ్మతుకి అనుమతి అడిగాడు, ఏమని జవాబొచ్చింది అన్నది చూసే హక్కు ఉండాలి. ఆ ఒక్క కాగితం చాలా అబద్ధాలని ఆపుతుంది.

యజమానుల పక్షాన కూడా ఒక న్యాయం ఉంది. 1999 మార్చిలో జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం రైన్‌లాండ్-పాలటినేట్ రాష్ట్ర చట్టం మీద తీర్పిస్తూ, ఏ ఉపయోగానికీ పనికిరాని భవనాన్ని కూడా సొంత డబ్బుతో నిలబెట్టాల్సిందే, కూల్చడానికి వీల్లేదు అని యజమాని మీద భారం మోపడం కుదరదంది. సరైన తీర్పే. ప్రజల కోసం కాపాడుతున్నామంటే ప్రజలూ డబ్బు పెట్టాలి. 20 కోట్లు నకళ్ళకి దొరికిన నగరంలో ఒంటి అద్దపు కిటికీలకి డబ్బు లేదంటే నమ్మను.

ఇప్పుడు ఆ ప్రమాదకరమైన వయసులో ఉన్నది నగర నాటకశాల. విల్లీ బ్రాంట్ కూడలిలో ఒపేరా, నాటకం రెండూ ఒకే కప్పు కింద ఉండే 1963 నాటి భవనం. ముందువైపు దాదాపు 120 మీటర్ల పొడవున గాజు గోడ, లోపల సీలింగు నుంచి జోల్తాన్ కెమెనీ చేసిన బంగారు రంగు లోహపు మేఘాలు వేలాడతాయి. రాత్రి ట్రామ్‌లోంచి చూస్తే లోపల విశ్రాంతి సమయంలో వైన్ గ్లాసులతో తిరిగే జనం, పైన మేఘాలు, మొత్తం వీధిలోకే కనిపిస్తుంది. టికెట్ కొననివాడికి కూడా చూపించే ఉద్దేశంతోనే ఆ గాజు పెట్టారనిపిస్తుంది. మిగతా భవనం మాత్రం ఘోరం, ఒప్పుకుంటాను. వెనక వైపు గోడలు, అరిగిపోయిన యంత్రాలు, ఎన్నోసార్లు తగిలించిన అదనపు గదులు, వాటన్నిటి మధ్య ఇరుక్కుపోయిన 1902 నాటి పాత థియేటర్ అవశేషాలు. మరమ్మతు అంచనాలు కొత్తది కట్టేంత ఉన్నాయని చెప్పి 2020 జనవరిలో నగర సభ కూల్చి కట్టాలని తీర్మానించింది. అదే ఏడాది రాష్ట్ర కట్టడాల శాఖ, గాజు హాలు మేఘాలతో సహా రక్షిత కట్టడమని తేల్చింది. 2023 డిసెంబర్లో నగరం నాటక విభాగాన్ని వేరే వీధికి మార్చి, ఒపేరాని ఇక్కడే కొత్తగా కట్టాలని నిర్ణయించింది.

రక్షిత కట్టడమని తేల్చడం అంటే నిలబడిపోతుందని కాదు, త్సూరిఖ్-హౌస్ అలాగే పోయింది. అంతకంటే పెద్ద ప్రజాప్రయోజనం చూపిస్తే అనుమతి వస్తుంది, కొత్త ఒపేరాని అలాంటి ప్రజాప్రయోజనంగా చూపించడం ఈ ఊళ్ళో కష్టమేమీ కాదు. మేఘాలని విప్పి కొత్త భవనంలో ఎక్కడో వేలాడదీస్తామన్న రాజీ మాట ఇప్పటికే వినిపిస్తోంది. బోర్నెప్లాట్స్ పునాదుల్లాగా. నాకైతే మేఘాల కంటే ఆ గాజే ముఖ్యం, ఆ పొడవే ముఖ్యం, అది వీధికి ఆనుకుని ఉన్న చోటే ముఖ్యం. వెనకున్నదంతా కూల్చుకోండి, కొత్త రంగస్థలాలు కట్టుకోండి, ముందు హాలుని మాత్రం కదపకుండా కొత్త భవనానికి దాన్నే వాకిలిగా పెట్టండి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. డిజైన్ పోటీల్లో ఆర్కిటెక్టులకి చేతులు కట్టేసినట్టవుతుంది, అదీ నిజమే. అయినా పర్లేదు.

యూరోపియన్ యూనియన్ పౌరులు కానివాళ్ళకి ఇక్కడ నగర ఎన్నికల్లో ఓటు లేదు, కనుక ఈ విషయంలో నేను చెయ్యగలిగింది బహిరంగ సమావేశాలకి వెళ్ళి చెయ్యి ఎత్తడం, నా విరిగిన జర్మన్‌లో రెండు ముక్కలు చెప్పడం. పోయినసారి నా తర్వాత మాట్లాడిన పెద్దాయన, ఆ గాజు డబ్బాని నలభై ఏళ్ళ కిందటే కూల్చాల్సిందన్నాడు. బోలెడు చప్పట్లు కొట్టారు. సమావేశం అయ్యాక ఆయన్నే ఆపి అడిగాను, ఆల్టె ఓపర్ కోసం చందా ఇచ్చారా అని. ఇచ్చానని గర్వంగా చెప్పాడు.